అన్నిటికీ ఒకే నంబరు

మార్చి 14, గురువారం

చిరంజీవి అల్లుడికి,

అత్తయ్య దీవెనలు. ఇక్కడ మీ మామయ్యా నేనూ ఏదో తింటున్నాం, తిరుగుతున్నాం. నువ్వూ మనవరాలూ వేళకింత తింటున్నారనుకుంటాను. మనవరాలిని రక్తపరీక్షకు తీసుకురమ్మంటే, దానికీ జబ్బు అంటగట్టొద్దని ఫోను పెట్టేశావు. కోపం లేదు నాయనా. నోటితో చెప్పలేనిది రాస్తున్నాను. తప్పులు సర్దుకుని చదువుకో.

పోయిన శుక్రవారం మా అమ్మాయి ఫైలు కాపీ కోసం ఆసుపత్రికి వెళితే, ఇంకా కోడింగ్ గదిలోనే ఉందన్నారు. కిటికీ లేని గది, రెండు కంప్యూటర్లు, గరగరలాడే టేబుల్ ఫ్యాను. అక్కడ కూర్చునే ఆవిణ్ణి అందరూ నంబర్లమ్మ అంటారు. డాక్టర్లు రాసిన ప్రతి జబ్బుకూ నంబరు వేయడం ఆవిడ పని. కుక్క కరిచినా, నిచ్చెన మీంచి పడినా దానికీ ఒక నంబరుందట. లోకంలోని బాధలన్నిటికీ చోటు కట్టిన వాళ్లెవరో, ఎంత ఓపికో.

మా అమ్మాయి సంగతి నీకు తెలుసుగా. తువ్వాలు పిండితే భుజం జారేది. మెట్లెక్కితే మోకాలు తప్పేది. తర్వాత, నిలబడితే కిడ్నీ కిందికి దిగుతోందన్నారు. ఒంట్లో ఉన్నవి ఎముకలా వానపాములా అని మీ మామయ్య ఆటపట్టించేవారు. పని చెప్పగానే జారే భుజం నాకూ ఉంటే బాగుండునని పక్కింటావిడ దెప్పేది. పిల్ల నవ్వేసి, భుజం తనే లోపలికి తోసుకుని గిన్నెలు తోమేది.

ఒక్కో డాక్టరు ఒక్కో ముక్క చూశారు, ముక్కకో నంబరు పడింది. గుండె దగ్గరి పెద్ద రక్తనాళం చిట్లి పిల్ల పోయాక, పెద్ద డాక్టరు పాత కాగితాలన్నీ పరిచి చూశారట. ఒంటిని పట్టి ఉంచే జిగురే పుట్టుకతో పలచన, అందుకే కీళ్లూ లోపలి అవయవాలూ నాళాలూ అన్నీ సాగాయట. కానీ కాగితం మీద కీళ్లు వదులు అని మాత్రమే రాశారు. డాక్టరు రాయనిది నేను వేయకూడదమ్మా, నోటిమాటకు నంబరుండదు, అందుకే ఆయన్ని రమ్మన్నాను అంది నంబర్లమ్మ. నేనుండగానే ఆయన వచ్చి, నిలబడే, జబ్బు పూర్తి పేరు రాసి సంతకం పెట్టారు.

అప్పుడావిడ ఒక నంబరు కొట్టింది. చెదిరిన పిల్లలు తల్లికోడి రెక్క కిందికి చేరినట్టు భుజం, మోకాలు, కిడ్నీ అన్నీ దాని కిందికి చేరాయి. ఇది ఇంకెవరికైనా ఉందా అని అడిగాను. ఉందమ్మా, మన మాట తెలియని దేశాల్లోనూ ఉంది, వాళ్లకూ ఇదే నంబరు అంది. ఒళ్లు జలదరించింది నాయనా. మన పిల్లవి వేషాలు కావు. అది ఒంటరిదీ కాదు.

మనవరాలు కాలు తల వెనక పెట్టుకుంటే మనం చప్పట్లు కొడతాం. ఇక కొట్టొద్దు. ఈ జబ్బు తల్లి నుంచి బిడ్డకు రావచ్చట. ముందే తెలిస్తే మందులున్నాయి, జాగ్రత్తలున్నాయి. వాళ్లమ్మకు ఆ వీలు దొరకలేదు. ఇరవై అయిదో తేదీ, సోమవారం, దాన్ని తీసుకురా.

ఎదురుచూసే
మీ అత్తయ్య

తా.క. ఇది రాయకూడదనుకున్నాను. కాపీ అందినట్టు సంతకం పెడుతుంటే నా వేళ్లు వెనక్కి వంగడం నంబర్లమ్మ చూసింది. ఎప్పుడూ ఇంతేనా అంది. అందరికీ ఇంతేగా అన్నాను. ఆవిడ తన వేలు వంచి చూపించింది. వంగలేదు. ఆ పూటే పెద్ద డాక్టరు నన్ను చూసి స్కాను తీయించారు. నాకూ నాళం ఉబ్బిందట, మందు మొదలుపెట్టారు. నాకూ అదే నంబరు పడింది. సోమవారం మనవరాలి పక్క కుర్చీ నాదే. సూది ముందు నాకే వేయమంటాను, నన్ను చూసి నవ్వుతుంది.