నేను రాయని ఉత్తరం

ఎడ్మండ్‌సన్ పార్క్, సిడ్నీ
11 ఆగస్టు 2019, ఆదివారం

గౌరవనీయులైన లాయరు విద్యావతి గారికి,

మరియరాణి నమస్కారం చేసి, నోటితో చెప్పి రాయించే సంగతులు.

నా పేరు మరియరాణి. కాలం చేసిన జోజయ్య భార్యను. వయసు డెబ్బై మూడని పాస్‌పోర్టులో ఉంది. అది నన్ను ఎగాదిగా చూసి గుమస్తా వేసిన లెక్క, నా లెక్కలో ఇంకా ఎక్కువే. మాది గుంటూరు జిల్లా ఫిరంగిపురం దగ్గర పల్లె. ఇంట్లో నేనూ, నా కోడలు సత్యభామా, ఒక గేదే ఉంటాం. కొడుకు లాజరస్ లారీ తోలతాడు, ఇంటికి వచ్చినప్పుడే వచ్చినట్టు. వాడి ఒక్కగానొక్క కొడుకు ఫ్రాంక్లిన్ ఈ దేశంలో చదువుకుంటున్నాడు. నేను చూడ్డానికి వచ్చి, నా కూతురు ప్రిస్సిల్లా ఇంట్లో ఉన్నాను. అది ఇక్కడి ఆసుపత్రిలో నర్సు.

మీరూ మీ ఇంటివాళ్ళూ క్షేమమని తలుస్తాను. మీ ఆఫీసు నుంచి వచ్చిన నీరజని అడిగితే క్షేమమే అంది. ఆ అమ్మాయి ఏదడిగినా క్షేమమే అంటుంది, అందుకని మిమ్మల్నే మళ్ళీ అడుగుతున్నాను.

నేను చెబుతున్నాను, నీరజ రాస్తోంది. నేను ఊపిరి తిప్పుకోకుండా చెప్పినా ఈ పిల్ల కలం నాలుగు గీతలు గీసి ఆగిపోతోంది. మిగతావి ఏం చేశావమ్మా అంటే, అన్నీ వచ్చేశాయి మామ్మగారూ అంటోంది. లా చదువుతోందట. చదవనీ. మా ఊళ్ళో దస్తావేజు రాసినవాడి చేత చదివించరు, ఇంకొకరి చేత చదివిస్తారు. అందుకని పక్కింటి శేషుకుమారిని పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టాను. రాయడం అయ్యాక ఆమె పైకి చదవాలి. నేను అనని మాట ఒక్కటి నా చెవిన పడినా వేలు వెయ్యను.

మీ మీద కూడా నాకు అనుమానం ఉంది. మనసులో ఒకటి పెట్టుకుని ఇంకోటి రాయించడం నాకు చేతకాదు. ఫీజు తీసుకోని లాయరుని నేను ఇంతవరకూ చూడలేదు. హారిస్ పార్క్‌లో ఆ వీసా ఏజెంటు ద్వారకానాథ్ తీసుకుని ముంచాడు, ఈవిడ తీసుకోకుండా ఏం చేస్తుందో అని ప్రిస్సిల్లాతో అన్నాను. అమ్మా, ఆమెకి గవర్నమెంటు జీతం ఇస్తుందే, ఊరుకో అంది. గవర్నమెంటు మీద కేసు వేసే మనిషికి గవర్నమెంటే జీతమిస్తుందా? ఇది నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అయినా ఈ దేశంలో నా మాట వినడానికి మనిషిని పంపింది మీరొక్కరే కాబట్టి చెబుతున్నాను.

ఇక కేసు సంగతి.

మా ఫ్రాంక్లిన్ చేరిన మొదటి కాలేజీ మధ్యలో మూతపడింది. ఇంకోదాంట్లో చేరి కుదురుకునేసరికి వీసా గడువు మీదికి వచ్చింది. ఇంకొక్క సెమిస్టరు ఉంది. హారిస్ పార్క్‌లో చీరల కొట్టు పైన ద్వారకానాథ్ అనే ఏజెంటు, గడువు పొడిగింపుకి పెడతానని కాగితాల మీద సంతకాలు చేయించుకున్నాడు. ఇక్కడ, ఇక్కడ, మళ్ళీ ఇక్కడ అని వేలు పెట్టి చూపించాడట, వీడు పెట్టుకుంటూ పోయాడట. కొన్నాళ్ళకి, అర్జీ తేలేదాకా ఉండొచ్చని కాగితం వచ్చింది, వీడు సంతోషించాడు. ఆ తర్వాత గవర్నమెంటు నుంచి ఇంకో కాగితం వచ్చింది. నీ ప్రాణభయం గురించి వివరంగా చెప్పాలి, ఇంటర్వ్యూకి రమ్మని. ఏ ప్రాణభయం అని వీడు తెల్లబోయి, చదివించుకోవడానికి మీ ఆఫీసుకి వచ్చాడు.

ఆ ప్రాణభయం నేనేనట.

వేరే కులం పిల్లని ప్రేమించినందుకు, ఊళ్ళో అడుగు పెడితే నరుకుతానని నేను వాడికి ఉత్తరం రాశానట. ఆ ఉత్తరాన్ని ఇంగ్లీషు చేయించి, రెండూ కలిపి, వీణ్ణి ఊరికి పంపితే చంపేస్తారు, ఇక్కడే శరణు ఇవ్వండి అని ద్వారకానాథ్ సర్కారుకి పెట్టాడు. నీరజ మా ప్రిస్సిల్లా వంటింట్లో కూర్చుని దాన్ని నాకు చదివి వినిపించింది. ఫ్రాంక్లిన్ తలుపు దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. నేను వాడి వంక చూడలేదు. చూస్తే కొట్టేదాన్ని.

వాడు తెలిసే అబద్ధం పెట్టాడని వాళ్ళు అనుకుంటే చదువు మధ్యలోనే పంపేస్తారనీ, మళ్ళీ చాలా ఏళ్ళు రానివ్వరనీ మీరన్నారట. ఏజెంటు వాడికి తెలియకుండా ఈ కథ అల్లాడని చూపించగలిగితే, ఆ కేసు వెనక్కి తీసుకుని, చదువు ముగించుకోనివ్వమని అడగవచ్చు అన్నారట. అందుకు నా మాట కావాలన్నారు. ఇదిగో నా మాట.

నేను అరిచే మనిషినే. ఊరంతా వచ్చి సాక్ష్యం చెబుతారు, దాచను. పూజ ఆలస్యంగా మొదలుపెడితే గుళ్ళో ఫాదరుగారిని కూడా అడుగుతాను. కానీ వేరే కులం పిల్ల అని నేను కత్తి పట్టడమా? నా కోడలు సత్యభామది ఏ కులమో ఆ ఏజెంటు కనుక్కున్నాడా? దాని పుట్టింటివాళ్ళు వద్దని బయటికి పంపితే, చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి తెచ్చింది నేను. ఈ ఫ్రాంక్లిన్ దాని కడుపునే పుట్టాడు.

ఆ ఉత్తరంలో నన్ను నిద్ర పోనివ్వనివి మూడు మాటలున్నాయి. మా ఇంటి చూరులో కొడవలి ఉందనీ, అది వాడి కోసమే ఉంచాననీ ఒకటి. నా చేతికర్ర గుమ్మం మీద చప్పుడు చేస్తే ఇంట్లో అందరూ వణుకుతారని ఇంకొకటి. వెనకగదికి బయట గొళ్ళెం ఉందనీ, చిన్నప్పుడు వాణ్ణి అందులో పెట్టి బిగించేదాన్ననీ మూడోది.

కొడవలి ఉంది. గేదెకి గడ్డి కోసేది దానితోనే, ఎండాకాలం వస్తే వాడికి ముంజకాయలు చెక్కింది కూడా దానితోనే. కర్ర ఉంది. గుమ్మం మీద కొడితే వణికేవి కోళ్ళు. గొళ్ళెం ఉంది. పదో తరగతి పరీక్షలప్పుడు స్నేహితులు ఆటకి లాక్కుపోతున్నారని, బయట గొళ్ళెం పెట్టు నాయనమ్మా అని వాడే బతిమాలాడు. నేను బయట అరుగు మీద కూర్చునేదాన్ని, మంచినీళ్ళకి తలుపు తట్టితే తీసేదాన్ని.

ఇవి ఊరివాళ్ళకి కూడా తెలిసిన సంగతులు కావు, మా ఇంటి లోపలివి. సముద్రాలు దాటి ఆ చీరల కొట్టు మీదికి ఎలా వచ్చాయి? ఎవరో మోశారు. మోసినవాడెవరో తేలకుండా నేను ఈ దేశం నుంచి కదలను.

నా అనుమానం మల్లికార్జున మీద. వాడు ఫ్రాంక్లిన్ గదిలో ఉండే కుర్రాడు, నరసరావుపేట వైపువాడు. కిందటేడు సెలవులకి వెళ్ళి, పచ్చళ్ళు పట్టుకెళ్ళడానికి మా ఇంటికి వచ్చాడు. ఆ వెనకగదిలోనే పడుకోబెట్టాను. గొళ్ళెం చూసిన పరాయివాడు వాడొక్కడే. ప్రిస్సిల్లాని వెంటబెట్టుకుని వాడు పనిచేసే హోటలుకి వెళ్ళి, వెనక తలుపు దగ్గర పట్టుకున్నాను. గిన్నెలు తోముతున్నవాడు నన్ను చూసి చేతులు తుడుచుకుని వచ్చాడు. మా చూరు సంగతి ఎవరికి చెప్పావని అడిగాను. మామ్మగారూ, ఆ పూట నేను మీ గోంగూర పచ్చడి తప్ప ఇంకేమీ చూడలేదు, చూరు వంక తలెత్తే తీరికెక్కడిది అన్నాడు. అని నవ్వాడు. ఇలాంటి మాటకి నవ్వేవాణ్ణి నేను నమ్మను. ఈ సంగతి మీ కాగితంలో ఉండాలి. నీరజ కలం ఆపి నా మొహం చూస్తోంది. రాయమ్మా, అది కూడా రాయి.

అక్కణ్ణుంచి అదే వీధిలో ఉన్న ఆ ద్వారకానాథ్ మెట్లు ఎక్కాను. వద్దు, లాయరుగారు వెళ్ళొద్దన్నారు అని ప్రిస్సిల్లా కొంగు లాగింది. మీరు వద్దన్నారని నాకు అప్పుడే తెలిసింది, ఆసరికి నేను పైమెట్టు మీద ఉన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించి, టీచరుగారూ రండి అన్నాడు. కాఫీ తెప్పించాడు. నేను వెనక్కి తిరిగి చూశాను, టీచరు ఎవరైనా నా వెనకాల వచ్చారేమోనని. ఎవరూ లేరు. నీ పేరేమిటి, నా మనవడి చేత ఏం సంతకాలు పెట్టించావు అని అడుగుతూంటే ఆయన నవ్వుతూ తల ఊపుతూ కూర్చున్నాడు. మీకు కోపం రావడం సహజం, అంతా సర్దేద్దాం అన్నాడు. సొరుగులోంచి కాగితం తీశాడు. నేను మనవణ్ణి క్షమించినట్టు అందులో ఉందట. కలం మూత తీసి నా ముందు పెట్టాడు.

“టీచరుగారూ, ఇక్కడ ఒక్క సంతకం చాలు. మీవాడు సేఫ్.”

నేను కలం వంక చూశాను, ఆయన వంక చూశాను.

“నాకు సంతకం రాదయ్యా. ఆ ఉత్తరం ఎవరి చేత రాయించావు?”

కాఫీ కప్పు ఆయన చేతిలో గాల్లోనే ఆగింది. తర్వాత ప్రిస్సిల్లాతో ఇంగ్లీషులోకి మారాడు. నాకు తెలియకూడని మాట వచ్చినప్పుడల్లా అందరూ అందులోకే మారతారు. ఆ ఇంగ్లీషుకి తెలుగు ఏమిటని మెట్లు దిగుతూ కూతుర్ని అడిగాను. అలాంటప్పుడు ఆ ఉత్తరం అబ్బాయే తెచ్చిచ్చాడు, నాకేం సంబంధం లేదు అన్నాడట.

కాబట్టి ప్రమాణం చేసి చెబుతున్నాను. నేను బడి గుమ్మం తొక్కలేదు. నాకు ఒక్క అక్షరం రాదు, నా పేరు కూడా రాయలేను. రేషన్ కొట్లో, బ్యాంకులో, ఓటు వేసేచోట నాది వేలిముద్రే. ఆ ఉత్తరం గుండ్రటి అక్షరాలతో, ముత్యాల్లాగా ఉందనీ, కింద మరియరాణి అని సంతకం ఉందనీ నీరజ అంది. ముచ్చటగానే ఉండి ఉంటుంది, నాది మాత్రం కాదు. ఫ్రాంక్లిన్ ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా ప్రోగ్రెస్ కార్డుల మీద, తండ్రి ఇంట లేక, నేనే వేలు వేశాను. సత్యభామ వాటిని ట్రంకుపెట్టెలోంచి తీసి ఫోనులో ఫొటోలు పంపింది. దీనితో జత చేయండి. ఆ బడి ఇప్పటికీ ఉంది, కావాలంటే అడగమనండి.

నేను టీచరునని ఆయనకి ఎవరు చెప్పారో నాకు తెలియదు. అది కూడా మల్లికార్జున పనే అయి ఉంటుంది. వాడికి నా మీద ఏం కక్షో కనుక్కోండి.

నా మనవడు ఆ కాగితాలు చదవకుండా సంతకం పెట్టాడు. అది బుద్ధితక్కువ పని, దానికి నేను వేరే మాట్లాడతాను. అబద్ధం మాత్రం వాడు పెట్టలేదు. ఒక్క సెమిస్టరు, అంతే అడుగుతున్నాను.

ఇట్లు,
మరియరాణి
(ఎడమ బొటనవేలి ముద్ర)

రాసినది: నీరజ
పైకి చదివి వినిపించినది, సాక్షి: శేషుకుమారి
రెండో సాక్షి: ప్రిస్సిల్లా

తా.క.: విద్యావతి గారూ, పై కాగితం మడిచేలోగా ఇంకో మాట పడింది. ఇది వేరే కాగితం మీద రాయిస్తున్నాను.

శేషుకుమారి పైకి చదువుతూంటే ఫ్రాంక్లిన్ సోఫా చివర కూర్చుని విన్నాడు. ప్రోగ్రెస్ కార్డుల దగ్గర తల దించాడు. మల్లికార్జున పేరు రెండోసారి వచ్చినప్పుడు లేచి నిలబడ్డాడు.

“నాయనమ్మా, మల్లిగాడు కాదు. నేనే చెప్పాను.”

సంతకాలు పెట్టించుకున్న రోజున ఆ ద్వారకానాథ్ కాగితాలు పక్కన పెట్టి, మీ ఇంటి సంగతులు చెప్పు బాబూ, మీ ఇంట్లో ఎవరంటే నీకు ఎక్కువ అని అడిగాడట. ఈ ఊరు వచ్చాక వీణ్ణి ఆ మాట అడిగినవాడు ఇంకొకడు లేడట. టీ చల్లారిపోయేదాకా నా గురించి చెప్పాడట. ముంజకాయలు, కొడవలి, కర్ర చప్పుడికి పారిపోయే కోళ్ళు, గొళ్ళెం అవతల అరుగు మీద నేను జపమాల తిప్పుకుంటూ కూర్చోవడం. ఆయన శ్రద్ధగా విని, మధ్యమధ్య రాసుకున్నాడట. ఎంత మంచివాడో అనుకున్నాడట వీడు.

మరి టీచరు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగాను. కాలేజీలో చేరిన కొత్తలో పిల్లలంతా చుట్టూ కూర్చుని, మా తాత జడ్జి, మా నాయనమ్మ డాక్టరు అని చెప్పుకున్నారట. వీడి వంతు వచ్చేసరికి నోట్లోంచి టీచరు అని వచ్చిందట. ఒకసారి వచ్చాక అదే ఉండిపోయింది. ఏజెంటుకీ అదే చెప్పాడు.

ఏ పాఠం చెప్పేదాన్నిరా అని అడిగాను.

తెలుగు అన్నాడు.

నీరజ రాయడం ఆపింది. ఇది పంపితే కేసుకి ఇబ్బందేమో, మేడమ్‌ని అడిగి చూద్దాం అంది. అడగండి. నేను మాత్రం దాచమనను. వాడు చెప్పింది నా గురించి. ఆ ద్వారకానాథ్ రాసింది నాలో లేని ఇంకో మనిషి గురించి. ఈ తేడా ఇంటర్వ్యూలో వాడు తన నోటితోనే చెప్పాలి, మీరు పక్కన కూర్చోండి. మీ మీద అనుమానం ఉందన్న మాట ఉండనివ్వండి, కొంచెం తగ్గింది.

మల్లికార్జున మీద అన్న మాటలన్నీ కొట్టేయండి. వాడికి గోంగూర పచ్చడి సీసా పంపుతున్నాను. ఎందుకో చెప్పొద్దని ప్రిస్సిల్లాతో అన్నాను.

ఈ కాగితం కింద మళ్ళీ వేలు వేస్తున్నాను. ఎవరి కేసో వాళ్ళ సాక్ష్యం చెల్లదని నీరజ అంటోంది. ఇది ఆఫీసుకి కాదు, నాకు కావాలి. కలం ఫ్రాంక్లిన్ చేతికి ఇప్పించాను. ఇంగ్లీషులో రాయబోయాడు. తెలుగులో రాయరా, నేను నేర్పానన్నావుగా అన్నాను. రాసి, వాడే పైకి చదివాడు. శేషుకుమారి మళ్ళీ చదవబోతే వద్దన్నాను.

(ఎడమ బొటనవేలి ముద్ర)

పై వేలిముద్ర మా నాయనమ్మ మరియరాణిది. ఆమెకు చదవడం, రాయడం రాదు. నా ప్రోగ్రెస్ కార్డులన్నిటి మీదా ఉన్నది ఈ వేలే.

సాక్షి: మనవడు ఫ్రాంక్లిన్