డబ్బు అడగడానికొచ్చిన మనిషి

చిన్నోడా,

లేవగానే ఇది చదువు. ఫైనాన్స్ కంపెనీ వాళ్లు పొరపాటున మన అకౌంటులో వేసిన డబ్బులోంచి ఒక్క పైసా కూడా తియ్యకు. ఎవరైనా ఫోన్ చేసి వేరే నంబరుకి పంపమంటే పంపకు. నేను వాళ్ల ఆఫీసుకే వెళ్లి తిరిగి కట్టేసి రసీదు తెచ్చుకుంటాను.

నిన్న ఆ డబ్బు అడగడానికొస్తే దొంగ అనుకుని నువ్వు చితకబాదినవాడు నిజంగా కంపెనీ మనిషేనట. దవడ విరిగింది, ఒక కన్ను ఇంకా తెరుచుకోలేదు. ఆసుపత్రికి వెళ్లి అతని భార్య ముందు నిలబడు. ఆవిడ తిట్టినా, కొట్టినా పడు. పోలీసులు అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పు.

గుమ్మంలో నెత్తురు కడిగేశాను. గోడ మీది మరక ఎంత రుద్దినా పోలేదు.

డబ్బు అప్పటికప్పుడు పంపమంటూ అతను నా ఫోన్ లాక్కోబోయి చెయ్యి మెలిపెట్టినప్పుడు నువ్వు కొట్టిన మొదటి దెబ్బ నా కోసమే. నాకు తెలుసు. అతను కింద పడి, "వద్దు బాబూ, పిల్లలున్నారు" అని ఏడుస్తుంటే ఇనప రాడ్డుతో కొట్టావే, ఆ దెబ్బలు ఎవరి కోసం? ఆపబోతే నన్నూ తన్నావు.

వదిన

అన్నట్టు, నా పక్కటెముక సంగతి మీ అన్నయ్య దగ్గర ఎత్తకు. బాత్రూంలో జారిపడ్డానని ఫోన్‌లో చెప్పాను. తెలిస్తే నిన్ను బతకనివ్వరు.