పోలిక జాబితాలో పడిన మా అమ్మ గొంతు

ఎబ్‌జా దీవి, మార్షల్ దీవులు,
1983 మార్చి 16, బుధవారం.

ఆరోగ్య పరీక్షల ఓడ ముఖ్య వైద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: బూడిద పడిన మనిషిని బూడిద పడని మనిషిగా తమ కార్యాలయము వ్రాసుకొనుట, ఇరవై ఆరేళ్లుగా దిద్దకుండుట, రేపటి ఓడలో ఆమెకు చోటు ఇప్పించుట గురించి.

తప్పు చేసినది తమ జాబితా. దిద్దనన్నది తమ గుమాస్తా. ఈ రెండు ముక్కలూ ముందే చెప్పి, తరువాత మర్యాదలోకి వస్తాను.

1. మా అమ్మ పేరు నెయ్‌మత్. వయస్సు ముప్ఫై ఎనిమిది. పరీక్షకని హైడ్రోజన్ బాంబు పేల్చిన 1954 మార్చి ఒకటిన ఆమె లోన్‌మెజ్ దీవిలో ఉన్నది. ఆకాశం నుంచి రాలిన తెల్లని బూడిదను తోటి పిల్లలతో కలిసి తలకు రుద్దుకొని ఆడుకున్నది.

2. ఆమెను కన్నది లోన్‌మెజ్‌లోని లికాజెర్. పెంచినది ఎబ్‌జాలోని లిమేజో, లికాజెర్‌కు అక్క. మాలో అక్కకు బిడ్డను ఇవ్వడమంటే ఇచ్చేయడమే. ఆ మీదట ఫలానామె కన్నదని ఎవరూ పైకి అనరు. అంటే పెంచిన చేతులను కొట్టినట్టు. బూడిద పడిన ఆ వారం లిమేజో పిల్లను చెల్లెలికి చూపించుకోవడానికి లోన్‌మెజ్ వెళ్లింది. మర్నాడు పిల్ల వాంతులు చేసుకుంటే, జనాన్ని తరలించే ఓడ రాకముందే తమ్ముడి తెరచాప పడవలో ఇంటికి తెచ్చేసింది. అందుచేత తరలింపు కాగితాల్లో వారి పేర్లు లేవు.

3. మూడేళ్లకు తమ పూర్వపు అధికారులు, పోల్చి చూడటానికి బూడిద పడనివారు కొందరు కావలసి, ఎబ్‌జాకు వచ్చారు. ఎందుకు వచ్చారో లిమేజోకు చెప్పినవారు లేరు. అడిగింది ఒకే ప్రశ్న: మీది ఏ దీవి? ఎబ్‌జా అన్నది. పిల్లది? నా పిల్లదీ ఎబ్‌జాయే అన్నది. ఆమె అబద్ధం ఆడలేదు. మాకు మనిషి దీవి అంటే తల్లి నేల. ఆ రోజు ఎక్కడ ఉన్నారని ఒక్కరూ అడగలేదు.

4. అది మొదలు ప్రతి మార్చిలోనూ ఓడ వస్తుంది, రెండు వరుసలు కడతారు: బూడిద పడినవారిది మొదటిది, పోలికకు పెట్టుకున్నవారిది రెండోది. మొదటి వరుసకు గొంతు తడిమి, నెత్తురు తీసి, థైరాయిడ్ మాత్రలు ఏడాదికి సరిపడా ఇస్తారు. గడ్డ తగిలితే ఓడ ఎక్కించి ఆపరేషనుకు తీసుకుపోతారు. రెండో వరుసకు గొంతు తడిమి, నెత్తురు తీసి, సంతోషం వెళ్లిరండి అంటారు.

5. మొన్న సోమవారం డాక్టరు మా అమ్మ గొంతు మీద వేళ్లు ఆనించి చాలాసేపు తీయలేదు. మింగమన్నాడు. మళ్లీ మింగమన్నాడు. ఏదో రాసుకున్నాడు. గుమాస్తా మాత్రం ఆమెను రెండో వరుసకే తోలాడు.

"నీది బూడిద గడ్డ కాదులే అక్కా, ఊరికే వచ్చే గడ్డ. వచ్చే మార్చిలో చూస్తారు" అన్నాడు.

"గడ్డకు ఇంటిపేరు కూడా మీరే పెడతారా తమ్ముడూ?" అన్నది మా అమ్మ.

వరుసలో అందరూ నవ్వారు. గుమాస్తా మా దీవివాడే గనుక వాడూ నవ్వాడు. నేను నవ్వలేదు.

6. నేను వెళ్లి ఈ కథంతా చెబితే, జాబితా మధ్యలో మారిస్తే ఇన్నేళ్ల పరిశోధన చెడిపోతుందన్నాడు. అయ్యా, అది చెడి ఇరవై ఆరేళ్లయింది. బూడిద పడకపోయినా గడ్డలు వస్తాయనడానికి తమ పుస్తకంలో మా అమ్మ గొంతే సాక్ష్యం. నేను చేతికందిన ప్రతి కరపత్రం చదివినవాణ్ణి. ఒక మనిషి గొంతు చేత ఆ మనిషి మీదే సాక్ష్యం చెప్పించడం ఎక్కడా చదవలేదు. పైగా రుజువు కావాలట. ఎబ్‌జా పిల్లకు లోన్‌మెజ్‌లో ఏం పని అని అడిగాడు. పెంచినామె వచ్చి, ఈ పిల్ల నా కడుపున పుట్టలేదు, ఆ రోజు కన్నతల్లి దగ్గర ఉంది అని నలుగురిలో చెప్పి వేలిముద్ర వేయాలట.

7. ఇంట్లో ఈ మాట ఎత్తగానే మా అమ్మ అల్లుతున్న మొగలి చాప పక్కకు నెట్టేసింది. "మా అమ్మ నోట ఆ మాట అనిపించావంటే నీతో మాట్లాడను. గడ్డ ఉంటే ఉండనీ" అన్నది. అప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. రేవుకూ ఇంటికీ మధ్య తిరుగుతున్నాను. ఈ అర్జీ మూడుసార్లు చించి రాశాను. రేపు పోటు మీద ఓడ వెళ్లిపోతుంది, మళ్లీ ఏడాదికి గానీ రాదు. ఏడాదిలో గడ్డ ఏమవుతుందో తమకు తెలుసు. నాకు తెలియదు.

కావున జాబితా దిద్ది, ముసలి లిమేజో చేత ఆ మాట అనిపించకుండా, నెయ్‌మత్‌ను రేపటి ఓడలో చేర్చుకొనవలెననియు, ఈ కాగితమును గుమాస్తాకు వదలక తమ కంటితోనే చిత్తగించవలెననియు ప్రార్థన.

ఈ పూటకు తమ విధేయుడు,
రిలాంగ్

తా.క. ఇది మడుస్తుండగా మా అమ్మమ్మ లిమేజో వచ్చి చదివి వినిపించమన్నది. మూడో నంబరు దగ్గర ఆపించింది. "దీవి పేరు చెప్పింది నేనే కదరా" అన్నది. "అది నా పిల్లే. కన్నది లికాజెర్. రెండూ నేనే చెబుతాను. ఆ పెద్ద డాక్టరుకు రెండు చెవులున్నాయేమో చూద్దాం" అన్నది. మా అమ్మకు మాత్రం చెప్పొద్దన్నది. దీవి మొత్తానికీ చెప్పమన్నది.

కాబట్టి దీని నకలు చర్చి తలుపుకు అంటిస్తున్నాను. అక్కడ చదివే దీవివారికి మనవి: ఆనాడు ఆ పడవను ఒడ్డుకు లాగినవాళ్లు, ఆ పిల్ల జుట్టులోంచి బూడిద కడిగినవాళ్లు ఇంకా ఉన్నారు. ముసలామెను ఒంటరిగా నిలబెట్టకండి. రేపు గురువారం ఉదయం ఆరు గంటలకు అందరూ రేవు దగ్గరికి రండి.

అయ్యా, తమరు కూడా.