రెండెకరాల నులిపురుగుల మడి

టమాటా సాగు తప్ప వేరే పని ఎరగని, అరవై ఎనిమిదేళ్లు నిండిన నేను, ఒంట్లో ఓపిక తగ్గినా బుద్ధి తిన్నగా ఉండగానే, ఎవరి బెదిరింపూ, ఎవరి బతిమాలుడూ లేకుండా రాయిస్తున్న ఆఖరు వీలునామా ఇది. ఇంతకుముందు మా తమ్ముడి పేర రాసిన కాగితం నేటితో రద్దు. నాకు పిల్లలు లేరు. భర్త పోయి పదిహేనేళ్లు. దీన్ని అమలు జరిపే బాధ్యత ఎదురింటి టైలరుది. ఆయన కొలత తప్పడు.

1. నాన్న నాకు పంచి ఇచ్చిన రెండెకరాలు, బోరు, మోటారు గదితో సహా, నా మేనకోడలికి, అంటే తమ్ముడి కూతురికి, సర్వహక్కులతో చెందాలి. ఆమె తండ్రి అందులో అడుగు పెట్టడానికి వీల్లేదు. కారణం రాయకపోతే రేపు ముసలిదానికి మతి పోయిందంటాడు కనుక రాయిస్తున్నాను.

తమ్ముడిది పురుగుమందుల కొట్టు. ఒక ఏడు మా మొక్కలు మధ్యాహ్నానికి వాడిపోయి సాయంత్రానికి తేరుకునేవి. పీకి చూస్తే వేళ్ల నిండా అల్లం కొమ్ముల్లా బుడిపెలు. నులిపురుగులు, కంటికి ఆనవు, వేళ్లలో దూరి పీల్చేస్తాయి అన్నాడు. అది నిజమే. "గుళికలు చల్లు అక్కా, దెబ్బకి పోతాయి" అన్నాడు. మూడు పంటలు చల్లాం. మా ఆయన ఒట్టి చేతులతో చల్లాడు. మూడోసారి గట్టు మీదే కూలబడ్డాడు. ప్రాణం దక్కింది గానీ చేతిలో గ్లాసు నిలిచేది కాదు. నాలుగేళ్లు నేనే తాగించాను. ఆయన పోయిన రోజు, శవం ఇంట్లో ఉండగానే, తమ్ముడు నలుగురి ముందూ, "తొడుగులు వేసుకోమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను, బావ వింటేనా?" అన్నాడు. చెప్పలేదు. తన కొట్లో తొడుగులే లేవు.

2. నా చెవి కమ్మలు, నీలం శాలువా మరదలికి. గుళికలు మానేసి నేను నూనె మిల్లు నుంచి వేపపిండి, ఆముదం పిండి తెచ్చి మట్టిలో కలిపి, వెంటనే నారు నాటితే మొక్కలన్నీ మాడిపోయాయి. "మా అక్క పొలంలో పిండివంటలు చేస్తోంది" అని తమ్ముడు కొట్టు ముందు అందరినీ నవ్వించాడు. మరదలు నవ్వలేదు. మర్నాడు మొగుడికి తెలియకుండా వచ్చి, "వదినా, తడిపి కుళ్లనివ్వాలట, నూనె మిల్లులో చెప్పారు" అంది. ఆమె మాట ప్రకారం మూడు వారాలు తడిపి ఆగాను. పంటకీ పంటకీ మధ్య, నులిపురుగుకి పడదని బంతిపూల మొక్కలు వేసి, పచ్చిగానే మట్టిలో కలియదున్నించాను. సగం మడిని పోల్చుకోవడానికి పిండి వేయకుండా వదిలేశాను. మూడో ఏటికి పిండి పడ్డ సగంలో వేళ్లు తెల్లగా దిగాయి. పురుగు పూర్తిగా పోలేదు. పంటను పడగొట్టే బలం పోయింది.

3. నా పదకొండు నోటుపుస్తకాలు, ఎంత పిండి, ఎన్ని రోజులు, ఎన్ని బుడిపెలు అన్నీ ఉన్నవి, అడిగిన ప్రతి రైతుకూ చూపించాలి. ఎవరూ తమ పేరు వేసుకోకూడదు.

4. తమ్ముడికి స్పిరిటులో వేసిన బుడిపెల వేరు, గాజు సీసాతో సహా. ఇప్పుడు వేపపిండి తన ఫొటో ఉన్న సంచుల్లో అమ్ముతున్నాడు. ఈ పద్ధతి తనే కనిపెట్టానని సభలో చెప్పి దండ వేయించుకున్నాడు. నేను ముందు వరసలో కూర్చుని విన్నాను. మా ఆయన ఊసు ఒక్కసారి రాలేదు. ఆ సీసా కొట్లో తన ఫొటో సంచుల పక్కన పెట్టుకోవాలి.

5. ఇది ఎవరికీ ఇచ్చేది కాదు. మూడో పంటకు మా ఆయన వద్దన్నాడు. "ఒళ్లు తూలుతోందే, ఈసారికి మానేద్దాం" అన్నాడు. పంట పోతుందన్న భయంతో, "ఈ ఒక్కసారికి కానియ్యి" అని బకెట్టు చేతికిచ్చింది నేను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తమ్ముడి మీద కోపం చల్లారనివ్వకపోతే ఈ నా తప్పు మొహం చూడక్కర్లేదనుకున్నాను. తమ్ముణ్ణి క్షమించలేదు. నన్నూ క్షమించుకోలేదు. అమ్మాయీ, నీ మడిలో పనిచేసే మనిషి వద్దంటే ఆ రోజుకి పని ఆపు. పొలానికి నేను పెట్టే షరతు ఇదొక్కటే.

చదివించుకుని, సరేననుకుని చేసిన సంతకం.

తేదీ: 2019 జూన్ 14

(సంతకం) టమాటా మడి యజమానురాలు

సాక్షులు:
నూనె మిల్లు గుమాస్తా
మోటారు మెకానిక్కు