పక్క మునుం

ఆగస్టు 4, సోమవారం

వాన లేదు. రెండో సంవత్సరం వాళ్ల అసైన్‌మెంట్లు దిద్దుతున్నాను. "దయ అంటే ఏమిటి? మీ జీవితంలోంచి రాయండి." సగం మంది కుక్కపిల్లకు పాలు పోశారు. అందరూ పోసింది ఒకే కుక్కపిల్లకైతే అది ఈపాటికి దూడంత అయ్యుండాలి.

శిరీష ఒక్కతే వేరేగా రాసింది. పత్తి చేనులో కలుపు. కూలీలు వరసగా నిలబడి ఎవరి సాళ్లు వాళ్లు పట్టుకుని ముందుకు కదలాలి, ఆ పట్టే మునుం. వాళ్ల అవ్వకు చూపు తగ్గింది, వెనకబడుతుంది. అందుకని అటొకరు ఇటొకరు చేయి తిరిగినవాళ్లు నిలబడి, తమ మునుంతోపాటు అవ్వ మునుంలో కలుపు కూడా తీసేస్తారు. గట్టు మీది ఆసామికి వరస సమంగానే కనబడుతుంది. "ఈ మాట ఎవ్వరూ బయటికి అనరు. అవ్వ కూడా అనదు" అని ముగించింది.

చాలాసేపు మార్కులు వేయలేదు.

ఆగస్టు 5

రేపు తనిఖీ బృందం. ప్రిన్సిపాల్ ఫోన్ — "మీ క్లాసుకే తీస్కొస్త సార్. జర మంచిగ చెప్పుండ్రి." చొక్కా ఇస్త్రీకి ఇచ్చాను.

ఆగస్టు 6

అదిరిపోయింది!

బౌద్ధంలో కరుణ చెప్పాను. కర్తవ్యమని చేసిన పనికే విలువన్న జర్మన్ తత్వవేత్తను చెప్పాను. బృందంలోని హైదరాబాద్ ప్రొఫెసర్ గారు ఆవలించారు. అప్పుడు శిరీషను లేపి నిలబెట్టి, ఆమె కాగితం తీసి చదివాను. ఊరి పేరుతో సహా. ఆవలింత ఆగింది. చప్పట్లు. "దయ పుస్తకాల్లో లేదు సార్, మా చేలల్లో ఉంది" అన్నాను. ప్రిన్సిపాల్ వీడియో తీసి కాలేజీ గ్రూపులో పెట్టారు. నేను స్టేటస్ పెట్టుకున్నాను.

శిరీష తల ఎత్తలేదు. సిగ్గుపడుతోంది అనుకున్నాను.

ఆగస్టు 7

స్టేటస్ ఎవరెవరు చూశారో చూసుకుంటూనే పొద్దు గడిచింది.

ఆగస్టు 11

శిరీష రాలేదు. ఆ తనిఖీ మర్నాటి నుంచీ రాలేదు.

ఆగస్టు 12

హాజరు తీసుకుంటుంటే శిరీష వాళ్ల ఊరి అమ్మాయి లేచి చెప్పింది. "సార్, శిరీష వాళ్లవ్వను కూలికి పిలుస్తలేరు. వీడియో ఎవరో పంపితే ఆసామి చూసిండంట. కండ్లు కనవడని ముసల్దాన్ని నడుమ దాచి నన్ను పిచ్చోణ్ణి చేస్తున్నరా అని ఊరంత లొల్లి చేసిండు."

పుస్తకం మూసేసి బయటికి వచ్చేశాను.

ఆగస్టు 13

ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

నాకు తెలుసు. తెలియక చదివింది కాదు.

అమ్మకు ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. మునుంలో అమ్మకు అటు ఎస్తేరమ్మ, ఇటు బాలమ్మ. ఏ చేనుకు పోయినా అంతే. చిన్నప్పుడు సెలవుల్లో వెంట పోయి చూసి, ఇంటికొచ్చాక సంబరంగా అరిచాను, "అమ్మా, నీ కలుపంత ఎస్తేరమ్మనే తీసింది!" అమ్మ మూతి మీద ఒక్కటిచ్చింది. నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. "గా మాట ఇంకెక్కడ అనకు బిడ్డా. అంటే రేపటి సంది నన్నెవ్వరు పిలువరు."

అన్నీ గుర్తున్నాయి. కాగితం చదువుతున్నప్పుడు కూడా గుర్తున్నాయి. అయినా చదివాను — ఆ ఆవలింత ఆపడానికి.

ఛీ.

ఆగస్టు 14

వీడియో తీసేయమని ప్రిన్సిపాల్‌ను అడిగాను. "ఎందుకు సార్? మన కాలేజీకి ఎంత పేరొచ్చింది!" బతిమాలితే తీసేశారు. ఏం లాభం.

రాత్రి మా ఆవిడ సుజాత అంతా విని ఒక్కటే అంది. "పోయి గా అవ్వ కాళ్లు మొక్కు."

ఆగస్టు 17, ఆదివారం

వెళ్లాను. దేవరకొండలో దిగి ఆటో.

అవ్వ గడప దగ్గర చాటలో బియ్యం తడుముతూ రాళ్లు ఏరుతోంది. శిరీష కుర్చీ వేసి లోపలికి పోయింది, మళ్లీ బయటికి రాలేదు. "సారా? కూసో నాయినా. ఎండల వడి వచ్చినవు." పక్కింటి పిల్లతో చాయ్ తెప్పించింది.

తప్పయింది అవ్వా, అన్నాను.

"నువ్వేం జేస్తవు నాయినా. సదువుకున్నోనివి. కూలోళ్ల ముచ్చట్లు నీకేం ఎర్క."

ఎరుకే అవ్వా, మా అమ్మ కూడా... నాలుక చివరిదాకా వచ్చింది. చాయ్ తాగాను. ఆసామితో మాట్లాడనా అని అడిగాను.

"వద్దు నాయినా. నువ్విగ ఏం మాట్లాడకు." కోపంగా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆగస్టు 18

సుజాత: "మీ అమ్మ సంగతి చెప్పినవా?"

లేదు.

"నీకు తెల్వదనుకొని మాఫ్ చేసింది ఆమె. అది సుత మోసం జేసే తెచ్చుకున్నవా?"



ఆగస్టు 20

నా నోట్సు అంతా తిరగేశాను. ఏ తత్వవేత్తను చూసినా దయ చూపేవాడి గురించే — వాడి ఉద్దేశం, వాడి కర్తవ్యం, వాడి గుణం. పొందేవాళ్లకు ఎలా ఉంటుందో, వాళ్ల పరువు ఏమవుతుందో, ఇన్నేళ్లలో నేను ఒక్క పాఠం చెప్పలేదు. అమ్మ కొట్టిన దెబ్బలో ఆ పాఠం ఉంది. పరీక్షకు రాదు కాబట్టి వదిలేశాను.

ఆగస్టు 23, శనివారం

పనిమీద దేవరకొండ పోయి బస్సులో వస్తున్నాను. కిటికీలోంచి చూస్తే పత్తి చేను, ఆడవాళ్ల వరస. అవ్వ! వేరే ఊరి చేను, వేరే ఆసామి. ఆమెకు అటొకరు, ఇటొకరు. అందరూ కలిసి అక్కడికి పోయినట్టున్నారు. గభాల్న తల లోపలికి తీసుకున్నాను. కళ్లు తుడుచుకుంటుంటే పక్కామె అడిగింది, "దుమ్ము వడ్డదా సారూ?"

సుజాతకు కూడా చెప్పలేదు.

ఆగస్టు 25, సోమవారం

శిరీష వచ్చింది. చివరి బెంచీలో కూర్చుంది.

క్లాసయ్యాక వరండాలో ఆపాను. ఆపకుండా ఉండాల్సింది. అవ్వ మళ్లీ పనికి పోతోందామ్మా, అని అడిగాను.

"లేదు సార్. ఇంటికాడనే ఉంటుంది." నా కళ్లలోకి చూసి చెప్పింది. తడబడలేదు.

అట్లాగా, అన్నాను.

ఆ ఆసామి దగ్గర దాచినట్టే నా దగ్గరా దాచింది. ఆమె దృష్టిలో ఆయనా నేనూ ఒకటే. కాదనడానికి నా దగ్గర ఏముంది.

అమ్మ గురించి చెబుదామని నోరు తెరిచాను. ఆమె నిలబడి ఎదురుచూసింది, వెళ్లమంటానేమో అని. వెళ్లమన్నాను. రేపు చెప్పనా? చెబితే నా బరువు దిగుతుంది. ఆమెకేం వస్తుంది...