పావురాల వల

మియాపూర్,
గురువారం సాయంత్రం.

ఉమకు,

నీ బావ రాస్తున్నాను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వూ, పాపా, అత్తా, మామా అక్కడ బాగున్నారని పొద్దున ఫోన్లో విన్నాను కాబట్టి ఆ మాట మళ్ళీ అడగను. కానీ ఆ ఫోను ఎప్పుడూ స్పీకర్లో ఉండి అత్త ఒళ్ళో ఉంటుంది. దాంట్లో చెప్పలేని మాటలు కొన్ని ఉన్నాయి. అందుకే నీ తమ్ముడు భరత్ చేత నువ్వు పంపిన ఉత్తరానికి జవాబు కూడా అతని చేతికే ఇస్తున్నాను. శనివారం కదిరికి వస్తాడు. కవరు గట్టిగా అంటించాను. పాప నిద్రపోయాక, పక్కన ఎవరూ లేనప్పుడు చదువు.

ముందు నువ్వడిగినవి. తింటున్నావా అన్నావు. తింటున్నాను. పొద్దున ఉప్మా, రాత్రి పెరుగన్నం, మధ్యాహ్నం ఆఫీసులో ఏది కనబడితే అది. చిక్కిపోయావని ఫోటో చూసి అన్నావే, అది ఆ వెలుతురు మహిమ. అలసట మాత్రం నిజం. ప్రవళిక గుర్తుందా, మన ఇంటికొచ్చి నీ చేత ఉగ్గాని చేయించుకుని తిన్న మా టీము అమ్మాయి? పోయిన నెల ఆమెను తీసేశారు. ఆమె పని నాదని ఎవరూ చెప్పలేదు, ఆమెకి రావలసిన మెయిళ్ళు నాకు రావడం మొదలైంది, అంతే. మణికొండలో ఉన్నప్పుడు బండి తీస్తే ఇట్టే ఆఫీసు. ఇప్పుడు మియాపూర్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో నిలబడి పోవడం, నిలబడి రావడం. ఒక్కోసారి సీటు దొరికినా కూర్చోను. కూర్చుంటే మళ్ళీ లేవాలి కదా అనిపిస్తుంది. ఇది ఫిర్యాదు కాదు, నువ్వడిగావని చెబుతున్నా.

కెమెరా మూల పడేశావా అన్నావు. లేదు. అదొక్కటే మిగిలింది. మధ్యాహ్నం అందరూ క్యాంటీనుకి పోతే నేను పైఅంతస్తు మెట్ల కిటికీ దగ్గర నిలబడి గద్దల్ని తీస్తాను. అవి రెక్క కదపకుండా అద్దాల మేడల మధ్య వేడిగాలి మీద తేలుతూ ఉంటాయి. ఎంత హాయి దొంగమొహాలకి! మా మేనేజరు ఒకసారి చూసి, "గిరీష్, వాటికి కూడా టార్గెట్లు ఉంటాయంటావా?" అన్నాడు. నవ్వాను. నవ్వకపోతే బాగుండదని నవ్వాను.

గుడ్లగూబ పిల్లల సంగతి ప్రత్యేకంగా అడిగావు. చిన్నది బతికిందా లేదా అని రెండుసార్లు రాశావు, ఒకసారి రాసి కొట్టేసి మళ్ళీ. బతికింది ఉమా. రెండూ ఉన్నాయి. తల్లి ఎలుకను తెస్తే పెద్దది గబుక్కున లాక్కుంటుంది, చిన్నది వెనక నిలబడి బుసలు కొడుతుంది, కుక్కరు విజిలు వేసే ముందు చేసే చప్పుడులాగా. రెండో ఎలుక దానికి వస్తుంది. సందె వేళ వంటింట్లో దీపం ఆర్పేసి, కిటికీ అద్దం వెనక కెమెరా పెట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చుంటాను. ఫ్లాష్ వెయ్యను, వాటి కళ్ళకు మంచిది కాదు. అందుకే ఫోటోలన్నీ ఇసక చల్లినట్టు వస్తున్నాయి. ఒక్కటి మాత్రం బాగా కుదిరింది. తల్లి నేరుగా నా వైపు చూసింది. తెల్లటి మొహం, మధ్యకి కోసిన ఆపిల్ పండులాగా. మన మణికొండ ఇంటి పిట్టగోడ మీద వాలింది కూడా ఈ జాతిదే. ఆ ఏడో నెలలో మన బిడ్డ కడుపులోనే పోయినప్పుడు, అది వాలడం వల్లే అని అత్త అంది. నేను వాదించలేదు. ఇల్లు మారదామంటే మారాను. కానీ ఇంత చేసిన దాని మొహం ఒక్కసారి సరిగ్గా చూడాలనిపించింది. నేను గుడ్లగూబల వెంట పడింది అందుకు. ఇది నీకెప్పుడూ చెప్పలేదు.

ఇక వల. పావురాల వల కట్టించావా అని అత్త రోజూ అడుగుతోంది. నిన్న కూడా, "ఏమప్పా గిరీషూ, పసిబిడ్డ వచ్చే ఇల్లు, ఆ పావురాల రొచ్చు అట్లే పెట్టుకున్యావా?" అంది. పావురాలు రావడం లేదత్తా అన్నాను. అది అబద్ధం కాదు. కానీ ఎందుకు రావడం లేదో చెప్పలేదు.

పైన వంటింటి మాట చదివినప్పుడే నీకు అనుమానం వచ్చి ఉంటుంది. దీపం ఆర్పేది మన వంటింట్లో. ఎదురుగా కడుతున్న బిల్డింగులో గూడు పెట్టిందని నీకు చెప్పింది అబద్ధం. గూడు వంటింటి కిటికీ అవతల, మన బట్టలుతికే బాల్కనీలోనే, పైన సజ్జ మీదే ఉంది. గ్రిల్లు పైన సందు ఉంది కదా, అందులోంచి వస్తుంది, పోతుంది. నువ్వు కదిరికి వెళ్ళాక చూశాను. అప్పటికే గుడ్లు పెట్టేసింది.

గుడ్లగూబ దూరిన ఇంట్లో కాపురం ఉండకూడదంటారు, కొన్నాళ్ళు తాళం వేసి పోవాలంటారు. అత్తకి తెలిస్తే పాపను ఈ గడప తొక్కనివ్వదు. నేను పెద్ద ధైర్యవంతుణ్ణని కూడా అనుకోకు. పోయిన ఆదివారం నేనే వల కట్టేవాణ్ణి పిలిచాను. భయమేసి పిలిచాను. ఈసారి కూడా ఏమైనా అయితే నీ మొహం ఎలా చూడాలి? సాయిలు అని, వల చుట్టా, డ్రిల్లింగు మెషినూ పట్టుకుని వచ్చాడు. స్టూలెక్కి చూసి దిగాడు.

"అన్నా, పిల్లలున్నయ్ గదా. ఇప్పుడు వల గడితే తల్లి లోపలికి రాదు, గివి సస్తయ్. కట్టమంటే కడత, నాకేంది. జర జల్ది చెప్పు, కొండాపూర్ల ఇంకో పనున్నది."

కట్టమని చెప్పడానికే నోరు తెరిచాను. అప్పుడే చిన్నది పెట్టె అంచు మీదికొచ్చి నిలబడింది. వచ్చే ఆదివారం రమ్మని సాయిలును పంపేశాను.

ఆ పెట్టె గురించి చెప్పాలి. ఉత్తరం చివర, చిన్న అక్షరాలతో ఒక ప్రశ్న రాశావు. "ఫోటోలో పిల్ల కాళ్ళ కింద ఆ పసుపుపచ్చ గుడ్డ ఏంది బావా? దాని మీద బాతుబొమ్మ ఉన్నట్టుంది." రెండు రోజులుగా దానికే జవాబు వెతుక్కుంటున్నా. నువ్వనుకున్నదే, ఉమా.

బిడ్డ పుట్టకముందు ఏమీ కొనకూడదని అత్త చెప్పినా వినకుండా, మనిద్దరం కూకట్‌పల్లిలో దొంగల్లాగా తిరిగి కొన్న బట్టలవి. చిన్న చొక్కాలు, టోపీ, ఆ బాతుల దుప్పటి. తర్వాత నువ్వు వాటిని ఎవరికైనా ఇచ్చెయ్యమన్నావు. అనాథాశ్రమంలో ఇచ్చేశానన్నాను. ఇవ్వలేదు. గేటు దాకా వెళ్ళి బండి తిప్పుకొచ్చాను. ఇల్లు మారినప్పుడు పాత కూలరు పెట్టెలో పెట్టి తెచ్చి, నీ కంట పడకుండా ఆ సజ్జ మీదికి ఎక్కించాను. నీకు కోపం రావచ్చు. నాకు చేతులు రాలేదు, అంతే.

తల్లి గుడ్లగూబ ఆ అట్టపెట్టె చిరిగిన మూలలోంచి లోపలికి దూరింది. ఊరంతా అన్ని గోడలుండగా వెతుక్కుని వెతుక్కుని దాంట్లోనే గుడ్లు పెట్టింది. మొదట చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది, కోపంతోనో ఏమో తెలియదు. ఇప్పుడు సందె వేళ చూస్తూ ఉంటే, చిన్నది ఆ దుప్పటిలో ముడుచుకుని నిద్రపోతుంది. ఆ బట్టలు ఎవరో ఒకరి పిల్లలకి వెచ్చగా ఉన్నాయి ఉమా. నాకు అది చాలనిపిస్తోంది. నీకేమనిపిస్తుందో నాకు తెలియదు. అందుకే అడుగుతున్నా.

మీరు వచ్చేది ఉగాది అయ్యాక. అప్పటికి ఎగిరిపోతాయి. నేను కడిగించి, అప్పుడు వల కట్టిస్తాను. ఈ ఇంట్లో ఉండటానికి నీకు మనసొప్పకపోతే మళ్ళీ మారదాం. విసుక్కోకుండా పెట్టెలు సర్దుతాను. అత్త దగ్గర దాచాలా, చెప్పాలా అన్నది కూడా నీ ఇష్టమే. ఆదివారం సాయిలుకి ఏం చెప్పాలో మాత్రం ఆ పొద్దున తేలాలి.

ఆ పొద్దున కూడా అత్త ఎలాగూ ఫోన్లో వల సంగతి అడుగుతుంది. కట్టించమనుకుంటే, "కట్టించు బావా" అని అందరి ముందే అను. ఆ తర్వాత నేనొక్క మాట అనను. వద్దనుకుంటే నాకంటే ముందు నువ్వే అందుకుని, "పావురాలు రాలేదంటమ్మా, ఇప్పుడు వల ఎందుకు?" అను. నేనిటు వంటింట్లోనే నిలబడి వింటూ ఉంటాను.

ఇట్లు,
నీ బావ
గిరీష్