ఫోనులో ఖాయమన్నాను

ఎల్ ఆల్టో,
ఆదివారం.

అమ్మకు,

నీ నెల్వా ముద్దులు పెట్టి రాస్తున్నది. ఇక్కడ పిన్నీ, బాబాయీ, నేనూ, కుక్కతో సహా అందరమూ బాగున్నాం. నువ్వు కూడా అక్కడ వేళకు తింటూ, నడుము నొప్పి లేకుండా ఉన్నావనే అనుకుంటున్నాను. ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్లీ ఉత్తరం ఏమిటని కంగారుపడకు. పక్కింటి క్రెసెన్సియా అత్త బుధవారం బస్సులో మళ్లీ బ్యూనస్ ఎయిరిస్ వస్తోంది. పోయినసారి నువ్వు ఉత్తరం పంపింది ఆమె చేతనే కదా, దానికి నేను జవాబు బాకీ ఉన్నాను. పైగా ఫోనులో నీ గొంతు వినబడగానే నా నోట్లోంచి మంచి కబుర్లే వస్తాయి. కాగితం ముందు అలా కుదరదు.

నువ్వు అడిగినవాటికి ఒక్కొక్కటిగా చెబుతాను. యజమాని ఇంకో ఏడాది కుట్టుపనికి ఉండమంటున్నాడనీ, నాకు మెడిసిన్ సీటు వచ్చేదీ రానిదీ తెలిస్తే ఆయనకు జవాబు చెబుతాననీ రాశావు. అది చివర రాస్తాను. ముందు తేలికైనవి.

వంటింటి రేకు ఈ వానలకు మళ్లీ కారింది. బాబాయి ఎక్కి తారు పూశాడు. కారడం ఆగలేదు గానీ చోటు మారింది. ఇదివరకు గిన్నెలో పడేది, ఇప్పుడు సరిగ్గా పిన్ని కుర్చీలో పడుతోంది. పిన్ని మోకాలు ఫరవాలేదు, తెల్లవారకముందే బండి తోసుకుంటూ సంతకు వెళ్లి ఎప్పటిలా వేడి ఆపీ జావ, బూరెలు అమ్ముతోంది. నువ్వు కుట్టి పంపిన కోటు వెచ్చగా ఉంది. చేతులు కొంచెం పొడుగు. "మీ అమ్మ నువ్వింకా ఎదుగుతావనుకుంటోందే పాపం" అని పిన్ని నవ్వింది. మంచులో ఎండబెట్టిన చునో దుంపలు అడిగావు కదా, ఒక సంచి క్రెసెన్సియా అత్తకు ఇస్తున్నాం. అక్కడి నీళ్లలో సరిగా నానవని చెప్పావు, రాత్రంతా ఉంచి చూడు.

అలసితాస్ బొమ్మల సంతలో ఈసారి ఏ కోరిక కొన్నామని కూడా అడిగావు. ఈ ఏడు బొమ్మ ఇల్లు కాదు, బొమ్మ కారు కాదు, బొమ్మ నోట్ల కట్టలూ కాదు. పిన్ని తిన్నగా బొమ్మ పట్టాలు అమ్మే ఆవిడ దగ్గరకు నన్ను లాక్కెళ్లింది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదిగా ఉంటుంది చూడు, ఎర్ర రిబ్బను, బంగారు ముద్ర వేసి, అది.

"డాక్టరు పట్టా ఒకటియ్యి. పేరు పెద్ద అక్షరాల్తో రాయాలి" అంది పిన్ని.

"ఏ డాక్టరక్కా? మనుషులకా, గొడ్లకా?"

"మా పిల్లని చూస్తే గొడ్ల డాక్టర్లా కనపడుతోందా నీకు?"

"మొహం చూసి ఏం చెప్తాం, అందుకేగా అడిగేది. తొందరగా చెప్పక్కా, గంట కొట్టేస్తున్నారు."

మధ్యాహ్నం గంట మోగుతుండగానే కొనాలి కదా, లేకపోతే కొన్నది ఏడాది తిరిగేలోగా నిజం కాదని పిన్ని హడావుడి. జనాన్ని మోచేతులతో తోసుకుంటూ పొగ వేసి దీవించే ముసలాయన దగ్గరకు పరుగెత్తింది. ఆయన పట్టాను కుంపటి పొగలో తిప్పి, పూలరేకులు చల్లి, సారాయి చిలకరించి నా వైపు చూశాడు.

"పిల్ల చదువుతోందా?" అన్నాడు.

"అన్నం కూడా మర్చిపోతోంది తాతా!" అంది పిన్ని.

నేను నా బూట్ల వైపు చూసుకున్నాను. పొగకు కళ్లలో నీళ్లు రావడం నాకు కలిసొచ్చింది.

పట్టాను పిన్ని నా బల్ల పైన గోడకు మేకు కొట్టి తగిలించింది. ఇక చూడు, నేను డాక్టరునైపోయాను. సంతలో ఉల్లిపాయలావిడ "డాక్టరమ్మా, కాస్త చూడమ్మా" అని నాలుక చాపింది. చూశాను. "బాగుంది" అన్నాను. ఆవిడ ఎంత సంతోషపడిందో! ఒకరు మోకాలు చూపించారు, ఒకరు కోడలి సంగతి చెప్పుకున్నారు. అందరికన్నా ఎక్కువగా నమ్మింది నేనే. ఆ పట్టా కింద కూర్చుంటే సగం పని అయిపోయినట్టే ఉండేది. ఇంతగా కుదిరిపోయాక ఇవాళే పుస్తకం తెరవాలా అనిపించేది.

బాబాయి గురించి అడిగావు. ఆయనకు జలుబు, దగ్గు. పెదవులు పగిలాయి. ఎందుకో నీకు తెలియదు. కార్నివాల్ దగ్గర పడుతోంది, బ్యాండులో ఈసారి కొత్త పాటలు. ఆయన ట్రాంబోన్ ఊదడం మొదలుపెడితే మన ఇంట్లో చెంచాలు కూడా అదురుతాయి కదా. నవంబరులో నా ప్రవేశ తరగతులు మొదలైన రోజే పిన్ని హుకుం జారీ చేసింది. "పిల్ల పరీక్ష అయ్యేదాకా ఈ కొంపలో బాకా వినపడిందంటే దాన్ని అప్పడంలా నలిపేస్తా" అంది.  అప్పటినుంచి బాబాయి రోజూ భోజనం కాగానే బాకా భుజాన వేసుకుని కొండ అంచున ఉన్న ఫుట్‌బాల్ మైదానానికి పోతున్నాడు. ఎండైనా అంతే, వడగళ్లైనా అంతే.

అమ్మా, ఇక దాచి లాభం లేదు. నేను చదవలేదు.

తరగతులు మొదలైన వారంలోనే కెమిస్ట్రీ సారు బోర్డు నిండా ఏదో రాసి "ఇదంతా మీకు స్కూల్లో చెప్పే ఉంటారు" అన్నారు. పెద్ద స్కూళ్ల నుంచి వచ్చినవాళ్లు తలలూపారు. నేనూ ఊపాను. మా స్కూల్లో కెమిస్ట్రీ చెప్పే ఆవిడ సగం ఏడాది సెలవులోనే ఉందని నీకు తెలుసు. తల ఊపేశాక మళ్లీ చెయ్యెత్తి అర్థం కాలేదని ఎలా చెప్పను? మర్నాడు ఇంకొంచెం అర్థం కాలేదు. ఆ తర్వాత వెళ్లడమే మానేశాను. పొద్దున్నే సంచి తగిలించుకుని బయలుదేరేదాన్ని. కేబుల్ కారు ఎక్కి ఈ చివరి నుంచి ఆ చివరికీ, ఆ చివరి నుంచి ఈ చివరికీ తిరిగేదాన్ని. ఒళ్లో పుస్తకం ఉండేది. తెరిస్తే కడుపులో మెలిపెట్టేది, ఒకే వాక్యం మీద కళ్లు ఆగిపోయేవి. మూస్తే హాయిగా ఉండేది. ఆ హాయికి అలవాటుపడిపోయాను.

ఇంట్లో మాత్రం బల్ల దగ్గర కూర్చుని రంగు పెన్సిళ్లతో చదువు పట్టికలు గీసేదాన్ని. బయాలజీ ఎరుపు, కెమిస్ట్రీ ఆకుపచ్చ, ఫిజిక్స్ నీలం. చూస్తే నీకు ముచ్చటేస్తుంది. రెండు రోజులు తప్పితే ఆ పట్టిక పాడైపోయినట్టే కదా, మళ్లీ కొత్తది గీసేదాన్ని. పిన్ని తలుపు సందులోంచి చూసి చప్పుడు కాకుండా వెళ్లిపోయేది. నా కడుపునొప్పి చదువు ఎక్కువై వచ్చిందనుకుని కోకా ఆకు టీ కాచి ఇచ్చేది. ఆ కప్పు అందుకున్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. అయినా తాగేదాన్ని.

అలసితాస్ అయిన తర్వాతి వారం ఒక మధ్యాహ్నం కేబుల్ కారులో ఉన్నాను. జోరున వాన. మైదానం మీదుగా పోతుంటే కిందికి చూశాను. ఆడేవాళ్లెవరూ లేరు. గోలు స్తంభం పక్కన ప్లాస్టిక్ సంచి నెత్తిన కప్పుకుని ఒక మనిషి ట్రాంబోన్ ఊదుతున్నాడు. అద్దాల్లోంచి చప్పుడు వినబడలేదు. ఆయన చెయ్యి ముందుకూ వెనక్కూ ఆడటం మాత్రం కనబడింది. నా చదువు పాడవకూడదని ఆయన వానలో నిలబడితే, నేను ఆయన నెత్తిమీదుగా షికారు తిరుగుతున్నాను. అమ్మా, అంత సిగ్గు నాకు జన్మలో కలగలేదు.

దిగి, మైదానం దాకా బురదలో నడిచాను.

"బాబాయ్, ఇంటికి రా. ఇంట్లోనే ఊదుకో" అన్నాను.

"మరి నీ చదువో?"

"నేను చదవట్లేదు బాబాయ్."

"ఇవాళ చదవలేదా? పోనీలే, ఒక్కరోజుకి ఏమైపోదు."

"ఇవాళ కాదు. మొదట్నుంచీ లేదు. క్లాసుకి కూడా పోవట్లేదు."

ఆయన ట్రాంబోన్‌లోని నీళ్లు నేల మీదికి వంచాడు. చాలాసేపు వంచుతూనే ఉన్నాడు.

"అంటే నవంబర్నుంచి నేను ఈ వీధికుక్కలకి కచేరీ పెడుతున్నానన్నమాట" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది.

"ఆపు. వాన చాలదా, మళ్లీ నీదొకటి. మీ పిన్నికి తెలుసా?"

"లేదు."

"మీ అమ్మకో?"

"లేదు బాబాయ్."

"నేను చెప్పను. నా నోరు ఈ బాకాకే చాలట్లేదు. నువ్వే చెప్పుకోవాలి. ఇద్దరికీ."

అని నాకన్నా ముందు నడిచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. ఇంట్లోనే, నా గది పక్కనే కుర్చీ వేసుకుని, రేకులు ఎగిరిపోయేలా ఊదాడు. పిన్ని ఆయన మీద పడి అరిచింది. "చదివేది ఎలాగైనా చదువుతుందిలే" అన్నాడు, అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. ఆయన ఇంట్లో ఊదిన మొదటి సాయంత్రమే పిన్నితో నేనే చెప్పాను. తిట్టలేదు. గిన్నె కింద పెట్టి, "నేను సంతంతా చెప్పుకున్నానే" అంది. తిట్టినా బాగుండేది.

చదువు అప్పుడు మొదలుపెట్టాను. పరీక్షకు పది రోజులు కూడా లేవు. ఈసారి పట్టిక గీయలేదు. బయాలజీలో ఒక పేజీ చదవడం, మూయడం, గోడకు అప్పజెప్పడం. ఒకే వాక్యం మీద కళ్లు ఆగిపోతే పెరట్లోకి వెళ్లి నీళ్లు తాగి తిరిగి రావడం. తిరిగి రావడమే అన్నిటికన్నా కష్టం. బాబాయి మోత మధ్యే చదివాను. నిజం చెప్పనా, ఆ మోత నయం. నిశ్శబ్దంలో నా గుండె చప్పుడే నాకు వినబడేది. తరగతికి కూడా మళ్లీ వెళ్లాను. చెయ్యెత్తి అర్థం కాలేదన్నాను. సారు "ఇప్పుడా తల్లీ?" అన్నారు, అందరూ నవ్వారు, కానీ చెప్పారు. బయాలజీ చాలావరకు వచ్చింది. కెమిస్ట్రీ సగం. ఫిజిక్స్ ఇక నా వల్ల కాదు, వదిలేశాను.

ఇప్పుడు నీ ఆఖరి ప్రశ్న. నువ్వు రాసింది నాకు కంఠస్థం. సీటు ఖాయమైతే ఇంకో ఏడాది ఉంటాను, ఆ చదువు ఇక్కడి పని లేకుండా సాగదు, ఖాయం కాకపోతే కార్నివాల్‌కు ఇంటికి వచ్చేస్తాను, నిజం చెప్పు అని రాశావు. ఉత్తరం అందిన రోజే ఫోను చేసి అదే అడిగావు. నేను "ఖాయం అమ్మా, నువ్వు ఉండు" అన్నాను. అప్పటికి ఒక్క పాఠం కూడా చదవలేదు. నువ్వు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నవ్వి "సరే డాక్టరమ్మా" అన్నావు. ఆ కాసేపూ నువ్వేం అనుకున్నావో అని ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

ఇంకొకటి ఉంది. పిన్నికీ బాబాయికీ కూడా చెప్పలేదు. ఇది సాకు కాదమ్మా. నేను చదవకపోవడానికి సగం బద్ధకం, సగం భయం. కానీ నువ్వు ఆ మాట రాయకముందు నుంచే, పుస్తకం తెరిచినప్పుడల్లా ఒక లెక్క కళ్లముందు కనబడేది. పాసైతే నువ్వు అక్కడే. ఫెయిలైతే నువ్వు ఇంటికి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా వెళ్లావు. నువ్వు రావాలని చదవకుండా కూర్చున్నాను, ఫోనులో నువ్వు అడిగితే రావద్దని చెప్పాను. ఇంత తెలివిగలదాని చేతికి మనుషుల ప్రాణాలు ఇవ్వాలంటే భయమే.

శుక్రవారం పరీక్ష. ఈ ఉత్తరం నీకు చేరేసరికి అది అయిపోయి ఉంటుంది. తప్పించుకోను, వెళ్తాను, తెలిసిందంతా రాస్తాను. సీటు ఖాయం కాదు. రాకపోవడానికే ఎక్కువ వీలుంది. యజమానికి ఇంకా మాట ఇవ్వకపోతే ఇవ్వకు. ఇచ్చేసి ఉంటే అది నా అబద్ధాన్ని నమ్మి ఇచ్చిన మాట, ఆ పాపం నాది.

సీటు రాకపోతే పిన్ని బండి దగ్గర పనిచేస్తూ మళ్లీ చదువుతాను. వస్తే ఎలా చదవాలో నువ్వు వచ్చాక ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం. వచ్చినా రాకపోయినా నువ్వు ఇంటికి రా అమ్మా. ఇది అడగడానికి నాకు మొహం లేదు. చదువు మొదలుపెట్టడానికి మూడు నెలలు ఆలస్యం చేశాను, ఈ ఒక్క మాట అడగడానికి నాలుగేళ్లు పట్టింది.

ఇట్లు,
నీకు మొహం చూపించాలంటే సిగ్గుపడుతూనే నీకోసం ఎదురుచూసే
నీ కూతురు
నెల్వా